మోర్స్ కీ సర్దుబాటు: ఇరుసు మొదట, స్ప్రింగు చివర

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో మోర్స్ కోడ్ కొట్టే పాత ఇత్తడి కీ ఒకటి దొరికింది, తంతి ఆఫీసుల్లో వాడిన తరహాది. కొత్త ట్రాన్సీవర్‌కి (పంపడం, వినడం రెండూ చేసే రేడియో సెట్) తగిలించి నిమిషానికి 12 పదాల వేగంలో కొడుతుంటే కొన్ని డిట్లు (మోర్స్‌లోని పొట్టి శబ్దాలు; పొడుగువి డాలు) అసలు పడటం లేదు, కొన్ని రెండుగా చీలుతున్నాయి. స్ప్రింగు బిగిస్తూ పోయారు, తగ్గలేదు. ఇప్పుడు మణికట్టు నొప్పి కూడా మొదలైంది. హ్యామ్ రేడియో లైసెన్సుకి జనరల్ గ్రేడ్ పరీక్ష ఉంది కాబట్టి దీన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలా అన్నది ప్రశ్న. ముందుముందు బగ్ (డిట్లు తానే వరసగా కొట్టే కీ) తీసుకుంటే దానికీ ఇదే పద్ధతా అని కూడా అడిగారు.

కొత్తది కొనొద్దు. ఆ తరహా కీలు రోజంతా కొట్టడానికి చేసినవి, వాటిలో అరిగేది చాలా తక్కువ. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ఆగింది, మోర్స్ కీలు వాడకంలోంచి పోయి అంతకన్నా చాలా ఏళ్లయింది. కాబట్టి మీ చేతికొచ్చిన కీని ఎంతో కాలంగా ఎవరూ సెట్ చేయలేదు అనుకుని మొదలుపెట్టండి. మీరు చెప్పిన లక్షణాలు రెండూ స్ప్రింగువి కావు. ఒకటి కాంటాక్ట్ (నొక్కితే కలిసే లోహపు ముఖం) మురికి, రెండోది ఇరుసు (నొక్కే కడ్డీ, అంటే లీవర్, ఊగే చోటు) వదులు. స్ప్రింగు బిగిస్తే ఆ రెండూ కాసేపు దాక్కుంటాయి, భారం మాత్రం మీ చేతిమీద పడుతుంది.

కీలో సర్దాల్సినవి నాలుగు: ఇరుసు, కాంటాక్టులు ఒకదానికొకటి ఎదురుగా కూర్చోవడం, వాటి మధ్య గ్యాప్, స్ప్రింగు బిగువు. ఈ వరసలోనే వెళ్లాలి. ఇరుసు కదిపితే కాంటాక్టుల స్థానం మారుతుంది, కాంటాక్ట్ కదిపితే గ్యాప్ మారుతుంది, గ్యాప్ మార్చితే స్ప్రింగు నొక్కుడు కూడా కొంచెం మారుతుంది. వెనకనుంచి మొదలుపెడితే ఎన్నిసార్లు సర్దినా మళ్లీ మొదటికే వస్తారు.

కీని ముట్టుకునే ముందు, తప్పు కీదేనా అని ఒక్క పది నిమిషాలు చూడండి. ప్లగ్గుతో మొదలుపెట్టండి. ఇప్పటి సెట్లలో కీ జాక్ స్టీరియోది. మామూలుగా కొన డిట్లకు, మధ్య రింగు డాలకు, వెనక భాగం కామన్‌కి. స్ట్రెయిట్ కీకి (మీది లాంటి, పైకీ కిందికీ కొట్టే కీ) స్టీరియో ప్లగ్గే వాడి కొనకీ వెనక భాగానికీ వైర్లు వేయండి, రింగు ఖాళీగా వదిలేయండి. మోనో ప్లగ్గు పెడితే అది రింగునీ వెనక భాగాన్నీ కలిపేస్తుంది. సెట్ మెనూలో కీయర్ (డిట్లూ డాలూ తానే తయారుచేసే భాగం) ఆన్‌లో ఉంటే డా పాడిల్ (పక్కకు నొక్కే రేకు) నొక్కిపట్టినట్టు అర్థం చేసుకుని వరసగా డాలు పంపుతూనే ఉంటుంది. మెనూలో ‘స్ట్రెయిట్ కీ’ ఎంచుకున్నారో లేదో కూడా చూడండి. మీరు పంపే ప్రతి విడతలోనూ మొదటి డిట్ మాత్రమే పొట్టిగా వెళ్తోంది, మిగతావి బాగున్నాయి అంటే అది బ్రేక్-ఇన్ రిలే (కీ నొక్కగానే సెట్‌ని వినడం నుంచి పంపడానికి మార్చే స్విచ్) పని. కీ ఎంత సర్దినా అది మారదు.

తర్వాత టెర్మినళ్లు. తంతి తరహా కీకి మూడు టెర్మినళ్లుంటాయి: ముందు కాంటాక్ట్, లీవర్, వెనక కాంటాక్ట్. కీ పైకి ఉన్నప్పుడు లీవర్ వెనక కాంటాక్ట్‌ని తాకి ఉంటుంది. లైన్ మీద అవతలివాళ్లు పంపేది వినడానికి అలా పెట్టారు. మనకు కావాల్సింది ముందు కాంటాక్ట్, లీవర్, ఈ రెండే. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, నొక్కినప్పుడే మోగే జతను పట్టుకోండి. నొక్కకముందే మోగి, నొక్కితే ఆగిపోతోందంటే వెనక టెర్మినల్ మీద ఉన్నారు.

అలాగే, ఈ కీని ఏదైనా పాత వాల్వు ట్రాన్స్‌మిటర్‌కి తగిలించే ఆలోచన ఉంటే ఆగండి. కాథోడ్ కీయింగ్ (వాల్వు కాథోడ్ కరెంటును నేరుగా కీతోనే తెంచే పద్ధతి) ఉన్న సెట్లలో కీ పైకి ఉండగా దాని రెండు కాంటాక్టుల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజీ నిలబడొచ్చు. ఈ ఇత్తడి కీల లీవర్ మొత్తం బయటే ఉంటుంది, వేలు జారితే నేరుగా దానిమీదే పడుతుంది. అలాంటి సెట్లకు మధ్యలో రిలే గానీ ట్రాన్సిస్టర్ స్విచ్ గానీ తప్పనిసరి.

ఇప్పుడు ఇరుసు. వైర్లు తీసేసి, స్ప్రింగు బిగువు మొత్తం వదిలేయండి, వీలైతే స్ప్రింగును బయటికి తీసి మూత ఉన్న డబ్బాలో వేయండి. నాబ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా ఊపండి. టక్ టక్ మని ఏ కొంచెం ఆడినా మీ డిట్లు చీలడానికి కారణం అక్కడే ఉంది. లీవర్ దిగేటప్పుడు ఒక చోట తాకి, చెయ్యి బలం పూర్తిగా పడేసరికి పక్కకు జరిగి ఇంకో చోట కూర్చుంటుంది. ఆ జరిగేటప్పుడు కాంటాక్ట్ ఒక్క క్షణం విడిపోతుంది. ట్రాన్సీవర్ దాన్ని రెండు డిట్లుగానే లెక్కపెడుతుంది.

ఇరుపక్కల మొనదేలిన స్క్రూలుంటే ముందు వాటి చెక్ నట్‌లు (స్క్రూ కదలకుండా పట్టే నట్‌లు) వదులు చేయండి. లీవర్ కదలడం బరువయ్యే దాకా ఒక స్క్రూ మెల్లగా బిగించండి. అక్కడినుంచి కొద్ది కొద్దిగా, చుట్టులో ఎనిమిదో వంతు కన్నా తక్కువగా, వెనక్కి తిప్పుతూ రండి. స్ప్రింగు లేని లీవర్‌ని ఎత్తి వదిలితే తన బరువుకి తానే పడిపోవాలి, అదే సమయంలో పక్కకి ఊపితే ఏమాత్రం ఆడకూడదు. ఆ రెండూ కుదిరిన చోటే సరైన చోటు. స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని చెక్ నట్ బిగించండి. నట్ బిగిసేటప్పుడు మరలో ఉన్న సందు మూసుకుపోయి స్క్రూ స్థానం కొద్దిగా మారుతుంది, అందుకే బిగించాక మళ్లీ ఊపి చూడాలి. రెండు మూడు సార్లు చేయాల్సి రావడం మామూలే. ఎంత సర్దినా ఒక చోట వదులు, ఒక చోట బిగువు వస్తోందంటే మొన అరిగింది, లేదా గుంతలో పాత నూనె గట్టిపడింది. స్క్రూలు పూర్తిగా తీసి, అగ్గిపుల్ల కొనకు దూది చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుంతలు తుడిస్తే రెండోది పోతుంది.

నూనె విషయంలో చాలామంది ఎక్కువ చేస్తారు. గుండుసూది కొనను కుట్టు మిషన్ నూనెలో ముంచి, ఆ అంటుకున్నంత మాత్రం ఒక్కో మొనకు తాకించండి, చాలు. కొబ్బరి నూనె వద్దు: అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, మన డిసెంబరు పొద్దుల్లో కీ బిగుసుకుపోతుంది, తర్వాత జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు కూడా వద్దు. వాటిలో ఉన్నది ఎక్కువగా ద్రావకం. అది ఆవిరయ్యాక మిగిలే పలచని పొర కాంటాక్టుల దాకా పాకుతుంది.

ఇరుసు గురించి ఇంకొక్క మాట చెప్పాలి, ఎందుకంటే మీ డిట్లు ‘అసలు పడకపోవడం’లో దీని వాటా ఉండొచ్చు. చాలా పాత కీలలో కరెంటు లీవర్‌లోకి వెళ్లేది ఆ ఇరుసు మొనల గుండానే. నూనె, దుమ్ము కలిసిన చోట కరెంటు దారి నమ్మకంగా ఉండదు. మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి ఒక మొన లీవర్‌కి, ఇంకోటి లీవర్ టెర్మినల్‌కి తాకించి, నాబ్‌ని మెల్లగా కదిలించండి. అంకె నిలకడగా సున్నా దగ్గర ఉండాలి. ఎగిరెగిరి పడుతోందంటే లీవర్‌నుంచి ఫ్రేముకి ఒక మెత్తని తీగ వేయండి. సోల్డర్ పీల్చే రాగి అల్లిక, కోఠి గుజరాతీ గల్లీలో చిన్న చుట్టగా దొరుకుతుంది, 1.5 మిల్లీమీటర్ల వెడల్పుది 4 సెంటీమీటర్లు సరిపోతుంది. అది బిర్రుగా కాకుండా సగం చుట్టు తిరిగి వేలాడేలా ఉండాలి, లేకపోతే అదే ఇంకో స్ప్రింగులా పనిచేస్తుంది. లీవర్‌కి నేరుగా సోల్డర్ చేయకండి, ఉన్న స్క్రూ కిందే చిన్న ట్యాగు పెట్టి బిగించండి. ఈ ఒక్క తీగ చాలా ‘కీ పాడైంది’ ఫిర్యాదులను తీరుస్తుంది.

ఇక కాంటాక్టులు. ముందు కారణం తెలుసుకోవాలి, అప్పుడే శుభ్రం చేసే తీరు అర్థమవుతుంది. వెండి కాంటాక్టుల మీద నల్లగా పేరుకునేది వెండి సల్ఫైడ్. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట, అంటే మూసీ పక్కనో నాలా పక్కనో ఇల్లుంటే, అది త్వరగా వస్తుంది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట పొగ వేరే రకం జిడ్డు పొర వేస్తుంది. తంతి లైన్ల మీద వోల్టేజీ ఎక్కువ, కరెంటూ ఎక్కువ, ప్రతి నొక్కులోనూ చిన్న నిప్పురవ్వ వచ్చి ఆ పొరను కాల్చేసేది. ఇప్పటి ట్రాన్సీవర్ కీ లైన్‌లో మామూలుగా 3 నుంచి 5 వోల్టులు, ఒకటి రెండు మిల్లీఆంపులు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. పొరను ఛేదించే శక్తి దానికి లేదు. అందుకే అదే కీ పాత సెట్‌లో బ్రహ్మాండంగా పనిచేసి కొత్త సెట్‌లో డిట్లు మింగుతుంది.

శుభ్రం చేయడానికి గట్టి కాగితం చాలు. బాండ్ పేపరో, నున్నని పూత లేని విజిటింగ్ కార్డో 1 సెంటీమీటరు వెడల్పు పట్టీగా కత్తిరించండి. కాంటాక్టుల మధ్య పెట్టి, నాబ్‌ని తేలిగ్గా, 50 గ్రాముల బరువంత నొక్కి, పట్టీని ఒక్క దిశలో లాగేయండి. నల్ల గీత పడుతుంది. కొత్త చోటుతో మళ్లీ లాగండి, గీత పడటం ఆగే దాకా. జిడ్డు ఉంటే పట్టీ కొనను ఆల్కహాల్‌లో ముంచి లాగి, వెంటనే పొడి పట్టీతో ఇంకోసారి లాగండి. పట్టీ నారలు అంచుల్లో ఇరుక్కోకుండా చివర్లో ఊదండి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడాలనుంటే పట్టీ మీద కొట్టండి, కీ మీద కాదు. కీ పీట గానీ నాబ్ గానీ యాక్రిలిక్ అయితే ఆల్కహాల్ దానికి తగలనీయకండి, సన్నని పగుళ్లు వస్తాయి.

ఉప్పుకాగితం వద్దు. నునుపైనది కూడా వద్దు. దాని రేణువులు మెత్తని వెండిలో దిగబడి కరెంటుకి అడ్డుపడతాయి, గీతలు పడ్డ ముఖం మీద నలుపు ఇంకా త్వరగా చేరుతుంది, అంచులు గుండ్రమై కాంటాక్ట్ ఆకారమే పోతుంది. బంగారు పూత ఉన్న కాంటాక్టులకైతే పొడి కాగితం తప్ప ఏదీ ఆనించకూడదు. ఒక్క చోటే మినహాయింపు: పాత నిప్పురవ్వల వల్ల ఒక కాంటాక్ట్ మీద బొడిపె, ఎదురుగా దానిమీద గుంత ఏర్పడి ఉంటే కాగితంతో పోదు. లెన్స్‌తో చూస్తే తెలుస్తుంది. అప్పుడు లీవర్ విప్పి, సన్నని చదును సూది ఆకురాయితో బొడిపెను మాత్రమే, కాంటాక్ట్ ముఖానికి సమాంతరంగా, చదును చేయండి. గుంత మొత్తం పోయేదాకా అరగదీయొద్దు, చుట్టూ ఉన్న ముఖం సరిగ్గా కూర్చుంటే గుంత ఉన్నా నష్టం లేదు.

శుభ్రమయ్యాక ఎదురుబొదురు చూడండి. గది చీకటి చేసి, కీ వెనక ఫోన్ టార్చ్ పెట్టి, కళ్లు కాంటాక్టుల ఎత్తులో పెట్టి నాబ్‌ని బహు మెల్లగా దించండి. వెలుతురు గీత రెండు వైపులా ఒకేసారి మాయమవ్వాలి. ఒక పక్కన ముందు మూసుకుని ఇంకో పక్కన త్రికోణంలా వెలుతురు మిగిలితే కాంటాక్ట్ అంచు మీద నిలుస్తోంది. కాంటాక్టులు పక్కకు జరిగి ఉంటే ఒక పివట్ (ఇరుసు) స్క్రూ వదిలి, అంతే మేర రెండోది బిగించి లీవర్‌ని పక్కకు జరపొచ్చు. వాలు ఉంటే కింది కాంటాక్ట్ స్తంభం పీటకు సరిగ్గా ఆనుకుందా, కింద మురికి గానీ వంగిన వాషర్ గానీ ఉందా చూడండి. లీవర్‌ని వంచి సరిచేద్దామని మాత్రం చూడకండి. పోత ఇత్తడి హెచ్చరిక లేకుండా విరుగుతుంది.

గ్యాప్. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ రాణిగంజ్‌లో ఏ పనిముట్ల కొట్లోనైనా దొరుకుతుంది. మీ వేగానికి 0.3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. గేజ్ లేకపోతే మామూలు ఏ4 కాగితం దాదాపు 0.1 మిల్లీమీటరు, మూడు పొరలు పెడితే సరి. గ్యాప్ స్క్రూ లీవర్ వెనక ఉంటుంది. పివట్‌నుంచి స్క్రూ ఎంత దూరమో కాంటాక్టూ అంతే దూరమైతే స్క్రూ కదిలినంతే గ్యాప్ మారుతుంది. కాంటాక్ట్ రెట్టింపు దూరంలో ఉంటే గ్యాప్ కూడా రెట్టింపు మారుతుంది. పాత బ్రిటిష్ కీలలో తరచు కనిపించే 4 బీఏ (బ్రిటిష్ స్క్రూ కొలత) మరకు ఒక చుట్టు 0.66 మిల్లీమీటర్లు. అంటే పావు చుట్టుకే 0.16 దాటుతుంది. ఒకేసారి సగం చుట్టు తిప్పేవాళ్లకు సరైన గ్యాప్ ఎప్పటికీ దొరకకపోవడానికి కారణం ఇదే. వేలికి తెలిసే కదలిక గ్యాప్ కన్నా ఎక్కువ అన్నది కూడా మరిచిపోవద్దు: పివట్ నుంచి కాంటాక్ట్ 40 మిల్లీమీటర్లు, నాబ్ 80 మిల్లీమీటర్లు అయితే, 0.3 గ్యాప్‌కి నాబ్ 0.6 కిందికి దిగుతుంది.

గ్యాప్ ఎక్కువైతే చెయ్యి కదిలే సమయంలో ఎక్కువ భాగం గాలిలోనే పోతుంది. డిట్లు పొట్టిగా, పొడిపొడిగా వస్తాయి, పైగా లీవర్ వేగం అందుకుని వచ్చి గుద్దుకోవడం వల్ల కాంటాక్ట్ ఎగిరి మళ్లీ పడుతుంది. మరీ తక్కువైతే డిట్ల మధ్య ఖాళీ మూసుకుపోయి ‘హెచ్’ (నాలుగు డిట్లు) అన్నది ఒక పొడుగు డాలా వినిపిస్తుంది. వేగం పెరిగే కొద్దీ గ్యాప్ తగ్గించాలి, కానీ మీరు ఇప్పుడే 0.15కి వెళ్లొద్దు. నేర్చుకునే చేతికి కింద తగిలిన సంగతి వేలికి స్పష్టంగా తెలియాలి.

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, స్ప్రింగు. దీన్ని అంచనాతో కాకుండా కొలిచి పెట్టండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద కీ పెట్టి, త్రాసును సున్నా చేసి, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో కీకి తగిలించండి. నాబ్ మధ్యలో పెన్సిల్ వెనక కొనతో మెల్లగా నొక్కుతూ, బీప్ వచ్చిన క్షణంలో త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తోందో చూడండి. మల్టీమీటర్ వైర్లు త్రాసును ఒత్తకుండా వదులుగా ఉండాలి. నా లెక్కలో స్ట్రెయిట్ కీకి 200 నుంచి 300 గ్రాములు మంచి మొదలు. మీరు బిగించుకుంటూ పోయిన స్ప్రింగు ఇప్పుడు 500 దాటి ఉంటే ఆశ్చర్యపడను, మణికట్టు నొప్పికి వేరే కారణం వెతకక్కర్లేదు. 250 దగ్గర పెట్టి, ఆ అంకెను పీట కింద పెన్సిల్‌తో రాసుకోండి. తర్వాత మార్చాలనిపిస్తే ఒకసారికి 20, 30 గ్రాములే మార్చి, కనీసం రెండు మూడు రోజులు దానితో కొట్టాకే నిర్ణయించండి. చెయ్యి కొత్త బిగువుకి అలవాటు పడకముందే తీర్పు చెప్పకూడదు.

స్ప్రింగు మరీ మెత్తగా ఉంటే లీవర్ వెనక్కి రావడం ఆలస్యమై అక్షరాలు అతుక్కుంటాయి, నాబ్ మీద వేళ్లు ఊరికే ఆనించినా కాంటాక్ట్ పడుతుంది. మరీ గట్టిగా ఉంటే లీవర్ చేతికన్నా ముందే పైకి లేచిపోతుంది, డిట్లు తెగుతాయి, పది నిమిషాలకే వేళ్లు బిగుసుకుంటాయి. వంకరైన స్ప్రింగు, లేదా తుప్పుపట్టి చుట్లు ఒకదానికొకటి రాసుకునే స్ప్రింగు ఏ బిగువులోనూ సరిగా పనిచేయదు. పాతదాన్ని తీసుకెళ్లి అదే తీగ మందం, అదే వ్యాసం, అదే పొడవున్నది అడిగి తెచ్చుకోండి. బాల్‌పెన్ స్ప్రింగు ఈ పనికి చాలా మెత్తన.

పీట కదిలితే పైన చేసిందంతా వృథా. తేలికపాటి చెక్క పీట మీదున్న కీ ప్రతి డాకీ పావు మిల్లీమీటరు జరిగినా చెయ్యి తెలియకుండా దాన్ని వెంటాడుతుంది. మన ఊళ్లో దీనికి చౌకైన మందు గ్రానైట్ ముక్క: 15 బై 20 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్ల మందం, దాదాపు 1.6 కిలోలు తూగుతుంది. రాళ్లు కోసేచోట మిగిలిన ముక్కల్లో అడిగితే అంచులు నున్నగా చేసి ఇస్తారు. తాండూరు రాయైనా పరవాలేదు, కానీ పొరలు ఊడుతుంది కాబట్టి కింద గుడ్డో కార్కో అతికించండి. రబ్బరు కాళ్లు పెడితే పలచనివే పెట్టండి. మందమైతే కీ ఊగుతుంది. వెండి కాంటాక్టులున్న కీకి రబ్బరు బ్యాండ్లు చుట్టి దాచడం, రబ్బరు ఫోమ్‌లో పెట్టడం అసలే వద్దు, అందులోని గంధకం కాంటాక్టులను నల్లబరుస్తుంది.

కీ ఎక్కడ పెట్టాలన్నది దాని నాబ్ ఎత్తును బట్టి ఉంటుంది. మీది బ్రిటిష్ పద్ధతి కీ, నాబ్ ఎత్తుగా ఉంటుంది. బల్ల అంచు దగ్గర పెట్టి, ముంజేయి గాలిలో నేలకు సమాంతరంగా ఉంచి, మణికట్టుతో కొట్టడానికి చేసింది. అమెరికన్ జే-38 లాంటి చదును నాబ్ కీలను బల్ల అంచుకి దాదాపు 45 సెంటీమీటర్ల లోపల పెట్టి ముంజేయి మొత్తం బల్ల మీద ఆనిస్తారు. మీ ఎత్తు కీని బల్ల లోపలికి నెట్టి, మోచేయి ఆనించి కొడుతుంటే మణికట్టు పైకి వంగిపోతుంది. నొప్పికి ఇది కూడా కారణం కావచ్చు, ఫోటో లేకుండా చెప్పలేను.

సర్దడం అయ్యాక చెవిని మాత్రమే నమ్మొద్దు, కొలవండి. సెట్‌ని ట్రాన్స్‌మిట్ కాకుండా, బ్రేక్-ఇన్ ఆపి, సైడ్‌టోన్ (కీ నొక్కితే సెట్‌లోనే వినిపించే శబ్దం) మాత్రమే వచ్చేలా పెట్టి వరసగా ‘హెచ్’, ‘5’, ‘వి’ కొట్టండి. ఫోన్‌లో రికార్డు చేసి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. డిట్ పొడవు మిల్లీసెకన్లలో 1200ని వేగంతో భాగిస్తే వస్తుంది: 12 పదాలకు 100, పరీక్షలో అడిగే 8 పదాలకు 150, 20 పదాలకు 60. డిట్ ఎంతో అక్షరంలోని ఖాళీ అంతే, డా దానికి మూడింతలు. మీ డిట్లు అన్నీ 70, ఖాళీలు 130 దగ్గర నిలకడగా వస్తుంటే గ్యాప్ కొంచెం తగ్గించండి, లేదా స్ప్రింగు కొంచెం వదలండి. తారుమారుగా, డిట్లు 130, ఖాళీలు 70 వస్తుంటే దానికి ఎదురు చేయండి. ఒకటి 80, ఇంకోటి 120, పద్ధతి లేకుండా మారుతుంటే అది సర్దుబాటు సమస్య కాదు, సాధన సమస్య. డిట్ మధ్యలో కొద్ది మిల్లీసెకన్ల గాటు కనిపిస్తే ఇరుసుకీ కాంటాక్టుకీ మళ్లీ వెళ్లండి.

ఆ గాటు అన్నీ సరిచేశాక కూడా మిగిలితే ప్లగ్గు దగ్గర కీకి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేసి, దానికీ కీకీ మధ్య 47 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టొచ్చు. కెపాసిటర్‌లో నిండిన కరెంటు కాంటాక్ట్ మీద ఒక్కసారిగా పడకుండా ఆ రెసిస్టర్ ఆపుతుంది. ఎక్కువ పవర్‌లో పంపుతున్నప్పుడు మాత్రమే డిట్లు పిచ్చిగా పడుతుంటే అది కీ తప్పు కాదు, యాంటెన్నా శక్తి కీ వైరులోకి దూరుతోంది. షీల్డు వైరు వాడి, సెట్ దగ్గర ఫెర్రైట్ రింగు మీద ఏడెనిమిది చుట్లు తిప్పండి.

ఇత్తడి మెరిపించడం గురించి మీరు అడగలేదు గానీ, జుమేరాత్ బజార్ కీ ఇంటికొస్తే మొదట అందరూ చేసేది చింతపండో పీతాంబరి పొడో తెచ్చి తోమడం. కీని విప్పకుండా ఆ పని చేయకండి. పులుపు మరల్లోకీ ఇరుసు గుంతల్లోకీ దిగి పచ్చగా చిలుము పట్టిస్తుంది, పొడి రేణువులు కాంటాక్టుల్లో చిక్కుకుంటాయి. విప్పి, ఇత్తడి భాగాలను మాత్రం తోమి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించొచ్చు. నికెల్ పూత ఉన్నవాటిని అసలు తోమొద్దు. విప్పేటప్పుడు ఏ స్క్రూ ఏ రంధ్రానిదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చి పెట్టుకోండి. పోయిన స్క్రూ స్థానంలో మెట్రిక్ స్క్రూని బలవంతంగా ఎక్కించకండి: 4 బీఏ వ్యాసం 3.6 మిల్లీమీటర్లు, ఎం4 దానిలోకి దూరదు, ఎం3 పట్టదు, దూర్చితే ఇత్తడి మర శాశ్వతంగా పోతుంది. పాత కొలత సాధనాల్లోనూ పాత రేడియోల్లోనూ బీఏ స్క్రూలు ఉంటాయి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అలాంటి చెడిపోయిన పెట్టె ఒకటి కొనుక్కోవడం మేలు.

బగ్ సంగతి. హొరేస్ మార్టిన్ 1900ల మొదట్లో వైబ్రోప్లెక్స్ పేరుతో తెచ్చిన పద్ధతే ఇప్పటికీ: పాడిల్ కుడికి నొక్కితే ఊగే కడ్డీ డిట్లు తానే కొడుతుంది, ఎడమకు నొక్కితే డా మీరు కొట్టుకోవాలి. వరస ఇక్కడా అదే, ఇరుసు నుంచే. తర్వాత మాత్రం కొంచెం తేడా. పాడిల్ వదిలేసినప్పుడు కడ్డీ డ్యాంపర్ చక్రాన్ని (ఊగడం ఆపే చక్రం) తాకీ తాకనట్టు ఆనుకునేలా కుడి స్టాప్ స్క్రూ పెట్టాలి; గట్టిగా ఒత్తితే డిట్ల వరస మొదలవడమే తడబడుతుంది, అసలు తాకకపోతే ఆగాక కూడా ఊగుతుంది. డిట్ వైపు కదలికను చిన్నదిగా, 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంచండి. ఆ తర్వాత పాడిల్‌ని కుడికి నొక్కిపట్టి, కడ్డీ ఊగడం పూర్తిగా ఆగేదాకా ఆగి, డిట్ కాంటాక్ట్ స్క్రూని అప్పుడే తాకిందనిపించే చోటుదాకా తిప్పి ఆపండి, దాని మెత్తని స్ప్రింగు వంగకూడదు. ముల్లు మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి చూస్తే నొక్కిపట్టినప్పుడు ముల్లు చివరిదాకా పోతుంది, డిట్ల వరసలో దాదాపు మధ్యలో వణుకుతూ నిలవాలి. మధ్య దాటి ముందుకు పోతే డిట్లు బరువు (పొడుగు), వెనకే ఉంటే పొట్టి. బరువు బిళ్లను కడ్డీ చివరికి జరిపితే వేగం తగ్గుతుంది, కానీ మామూలు బగ్ 8 పదాలకు దిగదు. అందుకని పరీక్ష అయ్యే దాకా ఇత్తడి కీ మీదే ఉండండి.